అద్దె ఒప్పందంలోంచి ఆయన పేరు పోయేదాకా

హైదరాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి ఒప్పందం మీద రెండు సంతకాలుండేవి, మా ఆయనదీ నాదీ. దెబ్బలు తిని, పాపను తీసుకుని అక్క ఇంటికి చేరినప్పుడు అందరిదీ ఒకటే సలహా: ఆ ఇల్లు వదిలేసి చిన్న ఇల్లేదైనా చూసుకో అని. ఎందుకు వదలాలి? పాప బడి ఆ వీధి చివరే. అద్దెలో సగం నా జీతంలోంచే పోతోంది. కొట్టిన మనిషి ఇంట్లో ఉండి, దెబ్బలు తిన్న మనిషి ఇల్లు వెతుక్కోవడం నాకు ఏ రకంగానూ న్యాయంగా తోచలేదు.

పోలీసు స్టేషన్‌లో "సర్దుకుపోండమ్మా" అన్నారు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో మాత్రం కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా విన్నారు. 2005 నాటి గృహ హింస చట్టం అద్దె ఇంటికి కూడా వర్తిస్తుందని, ఒప్పందం ఇద్దరి పేరున ఉన్నా ఒక్కరి పేరునే ఉన్నా ఫరవాలేదని అక్కడే తెలిసింది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆయన్నే ఇల్లు విడిచి వెళ్లమనవచ్చు. ఆ ఉత్తర్వు ఆడవారి మీద మాత్రం ఇవ్వరు. అత్తగారు కూడా మాతోనే ఉండి ఉంటే నా దారి వేరేగా ఉండేది.

జరిగిందంతా కోర్టుకు తెలిపే సంఘటన నివేదిక రాసిన రక్షణ అధికారి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) తేదీల దగ్గర చాలా పట్టుదలగా ఉన్నారు. "చాలాసార్లు కొట్టాడని రాస్తే కోర్టుకు ఏం తెలుస్తుందమ్మా? ఏ రోజు, ఏ గదిలో, ఎవరు చూశారు? అది చెప్పండి" అన్నారు. వంటింట్లో పొయ్యి గట్టు దగ్గర జరిగింది చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ పెన్ను మూసి పక్కన పెట్టారు. నేను తేరుకున్నాకే మళ్లీ రాశారు. ఆస్పత్రి చీటీ, ఫోన్లో ఉన్న ఫోటోలు, ఆయన పంపిన మెసేజీలు అన్నీ జతచేశాం. వకీలును జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చింది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఈ సాయం ఉచితం.

మొదటి వాయిదా మామూలుగా మేజిస్ట్రేటుకు అర్జీ అందిన 3 రోజుల్లోపే వేయాలని చట్టం చెబుతుంది. నా విషయంలో అంత త్వరగా జరగలేదు. చివరికి 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా అమల్లో ఉండేది, వచ్చింది: ఆయన ఇల్లు ఖాళీ చేయాలి, రక్షణ ఉత్తర్వు కింద మళ్లీ అక్కడికి రాకూడదు, అద్దెలో తన వాటా కట్టాలి. ఉత్తర్వు నకలుకు డబ్బు కట్టక్కర్లేదు, స్టేషన్‌కు కూడా ఒకటి వెళుతుంది. ఆయన సామాను తీసుకెళ్లిన రోజు కానిస్టేబులు ఎదుటే జాబితా రాయించాం. బట్టలు, సర్టిఫికెట్లు, లాప్‌టాప్, చివరికి షేవింగు డబ్బా కూడా. కింద ఇద్దరి సంతకాలు. తర్వాత ఖరీదైన వాచీ ఒకటి అక్కడే ఉండిపోయిందని బంధువుల చేత కబురు పెట్టించినప్పుడు ఆ జాబితా చూపించాను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఆయన ఇంట్లో లేరు గానీ, ఒప్పందంలో ఉన్నారు. కోర్టు ఉత్తర్వు ఒప్పందాన్ని తిరగరాయదు. ఇంటి ఓనరు పెద్దావిడ, మంచి మనిషే. కానీ భయపడ్డారు. "రేపు ఆయనొచ్చి, నా పేరు ఎవరిని అడిగి తీశారంటే నేనేం చెప్పాలమ్మా?" అన్నారు. ఆ మాటలో తప్పులేదు, కేసుతో ఆవిడకు సంబంధం లేదు కదా.

పాత కాగితం మీద పేరు కొట్టేయడం లాంటి పనులు అసలు వద్దన్నారు వకీలు. అందరిలాగే మాదీ 11 నెలల ఒప్పందం, గడువు దగ్గర పడింది. గడువు తర్వాత దాన్ని పొడిగించడం లేదని ఓనరు మా ఇద్దరికీ విడివిడిగా రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం పంపారు. ఆ మర్నాటి నుంచి నా ఒక్కదాని పేరున కొత్త స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. ఈలోగా ఆయన రాకుండా ఉత్తర్వు ఉండనే ఉంది.

ఇక అడ్వాన్సు. అది ఇద్దరిదీ. మొత్తం నా పేరుకు మార్చేయమని అక్క అంది గానీ, వకీలు ఒప్పుకోలేదు, నాకూ వకీలు మాటే సబబనిపించింది. మా ఆయన సగం ఓనరు ఆయన ఖాతాలోకే వేసి రసీదు దాచారు, ఆ మేరకు నేను కట్టాను. డబ్బు పేరు చెప్పి ఆ గుమ్మం తొక్కే అవకాశం ఆయనకు మిగలకూడదు. ఓనరు అనుమతితో తాళాలు మార్చి, ఒక తాళంచెవి ఆవిడకిచ్చాను. గ్యాసు కనెక్షను ఆయన పేరున ఉంటే, దాన్ని వదిలేసి నా పేరున కొత్తది తీసుకున్నాను.

ఉత్తర్వు నకలు ఒకటి వాచ్‌మన్ దగ్గర పెట్టాం. ఒక సాయంత్రం ఆయన గేటు దాకా వచ్చినప్పుడు వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, నేను 112కు ఫోను చేశాను. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వచ్చిన పోలీసులు నకలు చదివి ఆ మాటే ఆయనకు చెప్పి పంపించారు. అర్జీ ఎక్కడివ్వాలో తెలియనివారు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేస్తే దగ్గరలోని సఖి కేంద్రం ఎక్కడుందో చెబుతారు. మా కేసు ఇంకా నడుస్తోంది, ఇప్పుడు పాప మనోవర్తి మీద వాదనలు జరుగుతున్నాయి.