నాలుగో నంబరు మోజు: బేస్‌బాల్‌లో బ్యాటింగ్ వరుస లెక్కలు

మహారాష్ట్రలో తాలూకా పోటీలకు టీము కట్టేటప్పుడు బల్లార్షా అయినా, రాజురా అయినా, అటు ధర్మాబాద్ అయినా పీటీ సార్లు చేసే పని ఒకటే. గట్టిగా కొట్టే పిల్లాడిని నాలుగో నంబరులో రాస్తారు. బాగా ఉరికేవాడిని మొదట పెడతారు. కొట్టడం రానివాళ్లు చివరికి పోతారు. మిగతా ఖాళీల్లో ఎవరి పేరు ముందు గుర్తొస్తే వాళ్లు. ఇందులో సగం ఒప్పే. తప్పయిన ఆ మిగతా సగం ఎందుకు తప్పో తెలియాలంటే క్రికెట్‌ని కాసేపు గడప బయట వదిలి రావాలి.

క్రికెట్‌లో పదకొండో నంబరువాడు మ్యాచ్ మొత్తం ప్యాడ్లు కట్టుకుని కూర్చుని, బ్యాటు పట్టకుండానే ఇంటికి పోవచ్చు. బేస్‌బాల్‌లో ఆ వీలు లేదు. తొమ్మిది మంది గానుగెద్దులా తిరుగుతూనే ఉంటారు. ఒక ఇన్నింగ్స్‌లో మూడు ఔట్లు పడి ఆగినప్పుడు ఆరో నంబరువాడు చివరగా ఆడి ఉంటే, వచ్చే ఇన్నింగ్స్ ఏడో నంబరుతో మొదలవుతుంది. అంటే ‘ఓపెనర్’ ఖాయంగా ఓపెనింగ్ చేసేది మ్యాచ్‌లో ఒక్కసారే. ఆ తర్వాత ఏ ఇన్నింగ్స్‌ను ఎవరు మొదలుపెడతారన్నది ఔట్లు ఎక్కడ పడ్డాయన్నదాన్ని బట్టే.

కాబట్టి వరుస మారినంత మాత్రాన పిల్లాడి చేతివాటం మారదు. మారేవి రెండు: ఎన్నిసార్లు బ్యాటు పట్టుకుంటాడు, పట్టుకున్నప్పుడు బేసుల మీద, అంటే పరుగు కోసం వరుసగా తొక్కి రావాల్సిన మైదానం మూలల్లో, ఎవరున్నారు.

మొదటిదాన్ని లెక్కేద్దాం. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక టీముకు ఒక మ్యాచ్‌లో సగటున 38 వంతులు (బ్యాటు పట్టే అవకాశాలు) వస్తాయి. తొమ్మిదితో భాగిస్తే నాలుగు పూర్తి చుట్లు, పైన ఇద్దరు. ఆట ఎవరి దగ్గర ఆగుతుందో ముందే తెలియదు గనుక, వరుసలో ఒక మెట్టు కిందికి దిగితే మ్యాచ్‌కు సుమారు ఒక వంతులో తొమ్మిదో భాగం పోతుంది. 162 మ్యాచుల సీజన్‌లో అది మెట్టుకు 18. ఒకటో నంబరుకూ తొమ్మిదో నంబరుకూ మధ్య తేడా 140 పైచిలుకు వంతులు.

మన శాలేయ (బడి) పోటీల్లో ఈ తేడా ఇంకా పదును. అయిదు ఇన్నింగ్స్ మ్యాచ్ అనుకోండి. మొత్తం 15 ఔట్లు. నూటికి 35 మంది బేస్ చేరుతున్నారనుకుంటే, 15ను 0.65తో భాగించండి. 23 వంతులు. రెండు చుట్లు పోగా మిగిలేవి అయిదు. అంటే మొదటి అయిదుగురికి మూడేసి, చివరి నలుగురికి రెండేసి. మీ రెండో మేటి బ్యాటర్‌ను ఆరో నంబరులో దాచిపెడితే అతని ఆటలో మూడోవంతును మీ చేతులతో మీరే కొట్టేసినట్టు. మేజర్ లీగ్‌లో ఎంత తెలివిగా పేర్చినా, మామూలు వరుసతో పోలిస్తే సీజన్ మొత్తానికి కలిసొచ్చేది పది పదిహేను పరుగులే. అది ఒక్క గెలుపుకు కొంచెం అటూ ఇటూ. అక్కడ తొమ్మిది మందీ ఆరితేరినవాళ్లే మరి. మన టీముల్లో మొదటివాడికీ చివరివాడికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. అందుకే వరుస మీద కసరత్తు ఇక్కడే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

రెండోది, బేసుల మీద ఎవరున్నారన్న సంగతి. గందరగోళమంతా ఇక్కడే.

బ్యాటర్ కొట్టిన దెబ్బకు ఎంతమంది బేసులన్నీ చుట్టి ఇంటికి చేరారో, అంటే ఎన్ని పరుగులు వచ్చాయో, ఆ లెక్కను ఆర్బీఐ (రన్స్ బ్యాటెడ్ ఇన్) అంటారు. (మనకు ఆర్బీఐ అంటే రిజర్వ్ బ్యాంకే గుర్తొస్తుంది. ఇక్కడా అది సొంత సంపాదన కాదు, ముందువాళ్లు వేసిన డిపాజిట్టే.) నాలుగోవాడికి ఆర్బీఐలు ఎక్కువ వస్తాయి కాబట్టి నాలుగో స్థానం బ్యాటర్‌ను గొప్పవాణ్ని చేస్తుందని చాలామంది నమ్మకం. ముందు బేస్ చేరిన ముగ్గురి పుణ్యం అందులో ఎంతుందో చూడరు. మేజర్ లీగ్ ఆటగాడు రికీ హెండర్సన్ జీవితమంతా ఎక్కువగా ఒకటో నంబరులోనే ఆడాడు. పరుగులు 2,295, దొంగిలించిన బేసులు (బ్యాటర్ కొట్టకుండానే ఉరికి చేరినవి) 1,406. ఈ రెండూ ఇప్పటికీ రికార్డులే. ఆర్బీఐలు మాత్రం 1,115. ఆ సంఖ్య ఒక్కటే చూసేవాడికి అతను సాదాసీదా ఆటగాడిలా కనిపిస్తాడు. మ్యాచ్ మొదటి వంతులో బేసుల మీద పురుగు కూడా ఉండదు. తర్వాతి వంతుల్లో అతని ముందు వచ్చేది ఎనిమిది, తొమ్మిది నంబర్లు. ఇక తేవడానికి ఎవరున్నారు?

అందుకే పిల్లలను పోల్చేటప్పుడు ఆర్బీఐ వదిలేయండి. బేస్ చేరిన శాతం చూడండి: హిట్లు (కొట్టి బేస్ చేరినవి), వాకులు (బంతి విసిరే పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఊరికే దక్కే మొదటి బేస్), బంతి ఒంటికి తగిలి పోయినవి, అన్నీ కలిపి వంతులతో భాగించాలి. 2023లో కైల్ ష్వార్బర్ బ్యాటింగ్ సగటు (వాకులు కలపని, హిట్ల లెక్క) 0.197. మన లెక్కలో దండగమారి. అయినా ఫిలడెల్ఫియా టీము అతన్ని చాలా మ్యాచుల్లో ఒకటో నంబరులో ఆడించింది. 126 వాకులు, 47 హోమ్‌రన్లు (కొట్టినవాడే బేసులన్నీ చుట్టి వచ్చే దెబ్బలు). బేస్ చేరిన శాతం 0.343. ఉరుకు సంగతి అంటారా, అతనిది గొప్ప ఉరుకేం కాదు. ఒకటో నంబరంటే కాళ్లున్నవాడన్న పాత మాట అక్కడ అలా పక్కకు పోయింది.

ఇప్పుడు మూడో నంబరు. 1929లో న్యూయార్క్ యాంకీస్ చొక్కాల మీద అంకెలు వేసింది బ్యాటింగ్ వరుసను బట్టే. బేబ్ రూత్‌కు 3, లూ గెరిగ్‌కు 4. మూడు, నాలుగు అంటే రాజపీఠాలన్న భావన అంత పాతది. కానీ లెక్క వేరే చెబుతుంది. మొదటి ఇద్దరూ నూటికి 33సార్లు బేస్ చేరేవాళ్లయితే, ఇద్దరూ ఔటయ్యే అవకాశం 0.67ను 0.67తో గుణిస్తే 0.45. అంటే దాదాపు సగం మ్యాచుల్లో మూడోవాడు మొదటిసారి దిగేసరికి రెండు ఔట్లు పడి, బేసులు ఖాళీగా ఉంటాయి. ఒంటరిగా బేస్ చేరినా వెనకవాళ్లకు ఒక్క ఔటే మిగులుతుంది. నాలుగోవాడి సంగతి వేరు. పై ముగ్గురిలో ఒక్కరు నిలిచినా అతనికి పని దొరుకుతుంది. ముగ్గురూ ఔటయ్యే అవకాశం 0.30. అలా అయినా అతను రెండో ఇన్నింగ్స్‌ను సున్నా ఔట్లతో మొదలుపెడతాడు. అది నష్టం కాదు.

గణాంకాలు కూర్చినవాళ్లు చివరికి తేల్చింది ఇది: ముగ్గురు మేటి బ్యాటర్లు ఒకటి, రెండు, నాలుగు స్థానాల్లో ఉండాలి. తర్వాతి ఇద్దరు అయిదు, మూడు. ఆపైన దిగుడు వరుస. ఒకటికి బేస్ చేరే శాతం బాగా ఉన్నవాడు, నాలుగుకు దూరం కొట్టేవాడు, రెండుకు ఆ రెండూ కొంచెం కొంచెం ఉన్నవాడు. మూడుకు అప్పుడప్పుడు పెద్ద దెబ్బ వేసే, ఎక్కువసార్లు ఔటయ్యేవాడైనా సరిపోతాడు. రెండు ఔట్ల మీద ఒక్కో బేస్ పోగేసుకుంటూ కూర్చునే తీరిక ఉండదు, ఒక్క దెబ్బకే పని అవ్వాలి.

మన వైపు ఎక్కువగా పాడయ్యేది రెండో నంబరే. బంట్ (బ్యాటు ఊపకుండా అడ్డుపెట్టి బంతిని దగ్గర్లోనే పడేయడం) బాగా చేసేవాణ్ని అక్కడ పెట్టడం అలవాటు. మొదటి బేస్‌లో మనిషి, సున్నా ఔట్లు ఉంటే మేజర్ లీగ్‌లో ఆ ఇన్నింగ్స్‌కు సగటున 0.85 చుట్టుపక్కల పరుగులు వస్తాయి. బంట్ చేసి అతన్ని రెండో బేస్‌కు పంపి ఒక ఔట్ ఇచ్చేస్తే అది 0.7 దాకా పడిపోతుంది. ఇచ్చిన ఔటు, కొన్న బేస్ కంటే ఖరీదు. అయితే ఈ లెక్కను మన పిల్లల ఆటకు యథాతథంగా దించకూడదు. బంట్ బంతిని పట్టి సరిగ్గా విసిరే మూడో బేస్ పిల్లాడు తాలూకా స్థాయిలో ఎంతమంది?

దానికి తోడు నేల. ఈ జిల్లాల్లో చాలా మైదానాలు నల్లరేగడి. వానలు వెనకపట్టక ముందు ఆడితే బంట్ బంతి నాలుగడుగులు పోయి అక్కడే కూలబడుతుంది. ఎండి బీటలు వారాక అదే బంట్ ఎటు ఎగురుతుందో కొట్టినవాడికే తెలియదు. తడిలో ఇంకో చిక్కుంది. బూట్ల కింద మట్టి ముద్దలు కట్టి ఎంత ఉరికేవాడైనా బరువెక్కుతాడు. బేస్ దొంగిలించే పిల్లాణ్ని ఒకటో నంబరులో పెట్టిన ఎత్తు ఆ రోజు పారదు. బంతి వదిలేయడం తెలిసి, వాకు తీసుకునే ఓపికున్నవాడు ఎండలోనూ బురదలోనూ అంతే పనికొస్తాడు. మ్యాచ్ రోజు పొద్దున నేల తొక్కి చూశాకే మొదటి పేరు రాయండి.

‘వెనక గట్టివాడుంటే ముందువాడికి మంచి బంతులు పడతాయి’ అన్న మాట ఎంతవరకు నిజం? 1961లో యాంకీస్ ఆటగాడు రోజర్ మారిస్ 61 హోమ్‌రన్లు కొట్టాడు. ఆ సీజన్‌లో ఒక్క పిచరూ అతనికి కావాలని వాకు ఇవ్వలేదు. వెనక నిలబడింది మికీ మ్యాంటిల్, ఆ ఏడు 54 హోమ్‌రన్ల మనిషి. దీనికి పూర్తి ఎదురు బొమ్మ 2004లో బ్యారీ బాండ్స్: కావాలని ఇచ్చిన వాకులే 120. వెనకవాడి బలం వల్ల కావాలని ఇచ్చే వాకులు తగ్గుతాయి, అది ఖాయం. కానీ ఆడే బంతుల మీద అతని దెబ్బ పదునెక్కుతుందనడానికి గణాంకాల్లో గట్టి ఆధారం దొరకలేదు. స్థానం నిజంగా అంకెల్ని కదిలించిన చోటు ఇంకొకటి ఉండేది. మేజర్ లీగ్‌లో సగమైన నేషనల్ లీగ్‌లో 2021 వరకు (ఒక్క 2020 తప్ప) పిచర్లే బ్యాటింగ్ చేసేవాళ్లు, ఎక్కువగా తొమ్మిదిలో. అందుకని ఎనిమిదోవాడికి వాకు ఇచ్చేసి పిచర్‌ను ఔట్ చేయడం మామూలే. 2022 నుంచి పిచర్ బదులు బ్యాటర్ అన్ని టీములకూ వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. మన బడి ఆటలో కొట్టలేని పిల్లాడి ముందున్నవాడికి ఇదే జరుగుతుంది. ఎదుటి సారు కళ్లు మూసుకుని ఏం కూర్చోడు.

మూడో చుట్టు సంగతి కూడా వరుసను ఆలోచించి పేర్చాలని చెబుతుంది. ఒకే పిచర్‌ను మూడోసారి చూసేసరికి బ్యాటర్లు అతని బంతిని చదవడం మొదలుపెడతారు. 2020 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఆరో మ్యాచ్‌లో టాంపా బే పిచర్ బ్లేక్ స్నెల్ 73 బంతుల్లో తొమ్మిది మందిని స్ట్రయికౌట్ (మూడు మంచి బంతులు తగలనివ్వకుండా ఔట్) చేసి 1-0తో ముందున్నాడు. ఎదుటి డాడ్జర్స్ తొమ్మిదో నంబరువాడు సింగిల్ (ఒక బేస్ హిట్) కొట్టగానే, వాళ్ల ఒకటో నంబరు మూకీ బెట్స్ మూడో వంతుకు దిగకముందే మేనేజర్ స్నెల్‌ను తీసేశాడు. బెట్స్ డబుల్ (రెండు బేసుల హిట్) కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే డాడ్జర్స్ ముందుకెళ్లి 3-1తో కప్పు ఎత్తుకెళ్లారు. ఆ నిర్ణయం మీద వాదన ఇంకా సాగుతూనే ఉంది. మన టీముల్లో మార్చడానికి రెండో పిచరే ఉండడు గనుక మూడో చుట్టు మనకు పండగే. ఆ చుట్టులో ఎవరు ఉండాలో మీరు పొద్దునే రాసిపెట్టారు మరి.

అంకెలు పోగేసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రాక్టీసులో 15 వంతుల్లో ఒకడు ఆరుసార్లు, ఇంకొకడు నాలుగుసార్లు బేస్ చేరితే మొదటివాడు మేలనుకోవద్దు. అంత తక్కువ వంతుల్లో నూటికి పది పన్నెండు అటూ ఇటూ ఊగడం మామూలే. అలాంటప్పుడు ఫలితం కంటే బంతికి బ్యాటు తగులుతోందా, పక్కకు పోయే బంతికి చేయి చాస్తున్నాడా అన్నది చూడండి. మొదటి మ్యాచ్‌లో రెండుసార్లు స్ట్రయికౌట్ అయ్యాడని రెండో మ్యాచ్‌కు పిల్లాణ్ని రెండు నుంచి ఎనిమిదికి తోసేయడం కంటే పనికిమాలిన నిర్ణయం లేదు.

వరుస రాశాక దాన్ని తప్పకుండా ఆడటం వేరే పని. నాలుగోవాడు రావాల్సిన చోట అయిదోవాడు దిగాడనుకోండి. అతని వంతు నడుస్తుండగానే కనిపెడితే నాలుగోవాడు వెళ్లి అవే బాల్స్ (చెడ్డ బంతులు), స్ట్రయిక్‌ల లెక్క మీద ఆట కొనసాగిస్తాడు, ఎవరూ ఔట్ కారు. వంతు పూర్తయ్యాక, తర్వాతి బ్యాటర్‌కు మొదటి బంతి పడకముందే ఎదుటివాళ్లు అప్పీల్ చేస్తే ఔటయ్యేది నాలుగోవాడు. అయిదోవాడి హిట్టు చెల్లదు, మళ్లీ అయిదోవాడే ఆడాలి. ఆ ఒక్క బంతి పడిపోయిందా, జరిగింది చెల్లుతుంది, తర్వాత ఆరోవాడు వస్తాడు, నాలుగోవాడి వంతు గంగలో కలిసినట్టే. అంపైర్ తానుగా చెప్పడు.

ఈ తప్పు ఎక్కువగా పుట్టేది పేర్ల దగ్గర. ఇక్కడి మరాఠీ స్కోరర్లు ఇంటిపేరు ముందు రాస్తారు. మన తెలుగు పిల్లలు ఇంటిపేరు పొడి అక్షరంగా రాసి సొంత పేరుతో పలుకుతారు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు టీములో ఉంటే స్కోర్‌షీట్‌లో ఇద్దరూ ఒకటైపోతారు. పేరు పక్కన చొక్కా నంబరు తప్పనిసరిగా రాయించండి. మధ్యలో మార్చిన ఆటగాడు బయటికి పోయినవాడి స్థానంలోనే దిగాలి, ఇంకో నంబరుకు జరగడానికి లేదు. షీట్ నకలు ఒకటి డగౌట్‌లో వేలాడదీసి, తర్వాతి ముగ్గురి పేర్లు గట్టిగా పిలిచే పని ఆ రోజు ఆడని పిల్లాడికి అప్పగించండి. క్యాచర్ (క్రికెట్ కీపర్ లాంటివాడు) ఆ ముగ్గురిలో లేకపోతే కాళ్ల ప్యాడ్లు కట్టుకుని ఉండమనండి. మూడో ఔట్ పడ్డాక బకిళ్లు వెతుక్కుంటుంటే అంపైర్ ఊరుకోడు.