కొబ్బరినూనె వద్దన్నందుకు కాదు నా బాధ

నిన్న క్లీన్‌రూమ్ (దుమ్ము, జిడ్డు చేరకూడని గది) గుమ్మం దగ్గర మా జర్మన్ సీనియర్ టెక్నీషియన్ నన్ను ఆపేశాడు. "నీ తలకి నూనె ఉంది, ఇవాళ లోపలికి రావద్దు." అంతే, ఇంకో మాట లేదు. కొత్తగా చేరిన కుర్రాడితో సహా అందరూ చూస్తున్నారు.

అమ్మ అంబాజీపేట నుంచి గానుగ నూనె పంపితే ఆదివారం తలంటుకున్నాను. షాంపూతో శుభ్రంగా కడిగేశాను కూడా. అయినా పసిగట్టాడు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం, అందులో వాదన లేదు. కానీ మన దగ్గర పెద్దవాళ్ళు ఎంత తిట్టినా కాసేపటికి "భోంచేశావా?" అని అడుగుతారు, దాంతో మనసు కుదుటపడుతుంది. ఈయన మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగానే కూర్చుని ఏమీ జరగనట్టు తిని లేచి వెళ్ళిపోయాడు. జర్మనీ వాళ్ళకి ఇది మామూలేనట. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

మేము చేసేది ఉపగ్రహంలో పెట్టే అతినీలలోహిత లేజర్. అంతరిక్షంలోని శూన్యంలో జిగురు, ప్లాస్టిక్, నూనె జిడ్డు, ఏదైనా సరే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, ఆ ఆవిరి అద్దం మీద సరిగ్గా లేజర్ పడే చోటే మాడి పొరలా అంటుకుంటుంది. నేల మీదైతే గాలిలోని ఆక్సిజన్ ఆ మసిని ఎప్పటికప్పుడు తినేస్తుంది. పైన ఆ దిక్కు లేదు, తుడవడానికి మనిషీ వెళ్ళలేడు. గాలుల్ని కొలవడానికి యూరప్ వాళ్ళు పంపిన ఏయోలస్ ఉపగ్రహానికి ఇలాంటి తంటాలన్నీ వచ్చాయి. 2007లో ఎగరాల్సింది 2018 ఆగస్టు 22న గానీ ఎగరలేదు. అద్దాలు పాడవకుండా లోపల కొంచెం ఆక్సిజన్ వదిలే ఏర్పాటు కూడా చేశారు. అయినా మొదటి లేజర్ శక్తి తగ్గుతూ వచ్చి, 2019 జూన్‌లో రెండోదానికి మారాల్సి వచ్చింది. ఆ తర్వాత అది చేసిన మేలు తక్కువేం కాదు, 2020 జనవరి నుంచి యూరప్ వాతావరణ కేంద్రం దాని కొలతల్ని రోజువారీ అంచనాల్లోకి తీసుకుంది. గాలిని తాకి వెనక్కొచ్చే 355 నానోమీటర్ల కాంతిలో వచ్చే అతి చిన్న మార్పుని పట్టి, ఎంత ఎత్తులో ఎంత వేగంతో గాలి వీస్తోందో చెప్పేది.

గాలి అంటే ఏమిటో నాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరిచెట్లు మొదలంటా పడి ఉన్నాయి, కొన్ని నడిమికి విరిగి మొండేలు మిగిలాయి, చేలల్లో వరి నీళ్ళలో పడుకుంది. ఎన్ని వందల మంది పోయారో! సముద్రం మీద, పై ఎత్తుల్లో గాలి ఎటు వీస్తోందో కొలవడానికి బెలూన్లు ఎగరేసే స్టేషన్లు దాదాపు ఉండవు. ఆ కొలత దొరికితే తుఫాను దారి అంచనా మెరుగవుతుంది. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిందే అందుకు. ఆ టెక్నీషియన్ నన్ను పని విలువ తెలియనివాడిలా చూశాడే, అదీ నా బాధ.

ఏయోలస్ పని ముగించుకుని 2023లో వాతావరణంలోకి దిగి కాలిపోయింది. తర్వాత వెళ్ళేవి ఇంకా ఎక్కువ ఏళ్ళు నిలవాలి. అందుకోసం నూనె మానేస్తాను, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ చేతే రాయించుకుంటాను. ఈసారి ఏదైనా ఉంటే పక్కకి పిలిచి చెప్పమని మాత్రం రేపు ఆయనని అడిగే తీరతాను.