మధ్యమం దగ్గర తుమ్మెద

మా పాప వీణ మీద తొలి పాఠాలైన సరళీ వరుసలు వాయిస్తూ ఉన్నట్టుండి ఆపేసి, "అమ్మా, మ దగ్గర తుమ్మెద కూర్చుంది" అంది. వంటింట్లోంచి వచ్చి నేనూ మీటి చూశాను. స, రి, గ శుభ్రంగా పలికాయి. మ మీటగానే జుయ్యిమని గరగర. మే నెలాఖరు, రోళ్లు పగిలే ఎండలు. తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటుతున్న రోజులవి.

అది మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ. గుండ్రటి కుండ, పొడవాటి దండి రెండూ ఒకే పనస మానులోంచి తొలిచిన ఏకాండి. అందుకే అతుకు విడిపోయిందేమోనన్న భయం లేదు. కానీ చెక్కలో ఎక్కడైనా బీట పడిందేమో అని ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మొదట గదినే అనుమానించాను. వీణ మోగితే చుట్టుపక్కల వస్తువులు కూడా పలుకుతాయి. దేవుడి పటాల అద్దాలు, స్టాండులో స్టీలు ప్లేట్లు, కిటికీ రెక్క, ఏదైనా కావచ్చు. కూలర్ ఆపి, వీణను లోపలి గదిలోకి మార్చి మీటాం. తుమ్మెద మాతోపాటే వచ్చింది.

తర్వాత పాప మీటుతుంటే నేను ఒక్కో భాగం మీద అరచెయ్యి ఆనించి చూశాను. దండి కింది సొరబుర్ర, తీగల కొసలు పట్టుకునే నాగపాశం, శ్రుతిని సన్నగా సవరించే లంగర్లు, తీగలు బిగించే బిరడాలు. తాళం వేయడానికి పక్కన ఉండే తీగల్లో ఒకదాని కొస బిరడా దగ్గర మిగిలిపోయి చెక్కకు ఆనుతోంది. దాన్ని కత్తిరించగానే సన్నటి చిర్రు ఒకటి పోయింది, అసలు గరగర మాత్రం అలాగే ఉంది. ఇంతసేపూ రెండు శబ్దాలను ఒకటే అనుకుని వెతికానని అప్పుడు తెలిసింది.

పాప వాయించే మొదటి తీగ, సారణి, పాతదైందేమోనని కొత్తది వేశాను. అది సాగుతూ రెండు రోజులు శ్రుతిలో నిలవలేదు. అది కుదురుకున్నాక చూస్తే గరగర ఎక్కడికీ పోలేదు.

ఇక విసుగొచ్చి, తీగలు ఆనే గుర్రం మీద తీగ కింద చిన్న కాగితం ముక్క దూర్చాను. గరగర తగ్గింది. దాంతోపాటు వీణ కూడా మూగబోయింది. మా అమ్మ వాయిస్తుంటే చిన్నప్పుడు విన్న ఆ నిండైన మోత లేదు, డబ్బా మీద కొట్టినట్టు ఉంది. గుర్రం మీది లోహపు పలకకు ఉన్న కొద్దిపాటి వంపు మీద తీగ ఆనీ ఆననట్టు రాసుకుంటేనే వీణకు ఆ నాదం. తంబురలో దారం పెట్టి తెప్పించే జీవం లాంటిదే ఇదీ. అది పోకూడదు, తుమ్మెద మాత్రం పోవాలి. కాగితం తీసేశాను.

ఒక దుకాణంలో అడిగితే, మేళం, అంటే తీగను నొక్కే మెట్ల వరస, మొత్తం విప్పి 24 మెట్లూ కొత్తగా కట్టాలన్నారు. వీణను తీసి చూడకుండానే చెప్పిన మాట అది. నాకు నచ్చలేదు.

మా టీచర్ తిరుపతి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నవారు. ఫోన్ చేస్తే ఆవిడ ఒక్కటే అడిగారు: "ఏమ్మా, ఆ మెట్టు మీదేనా, దాని ముందు మెట్టు మీద కూడానా?"

"ఆ ఒక్క దాని మీదే మేడమ్."

"పంచమం తీగ నొక్కి చూడు."

చూశాను. సారణి పక్కనుండే పంచమం తీగ మీద కూడా, సారణి మీద మ పలికే అదే 5వ మెట్టు దగ్గర గరగర. అంటే తీగలో తప్పు లేదు. కొత్త సారణి అనవసరంగా వేశానన్నమాట. టీచర్ విడమరిచి చెప్పారు. 6వ మెట్టు పైకి లేచి ఉంటే 5 నొక్కినా, చాలాసార్లు 4 నొక్కినా తీగ దానికి తగిలి మోగుతుంది. 5వ మెట్టే కిందికి దిగితే, అది నొక్కినప్పుడు మాత్రమే తీగ 6వ దానికి తగులుతుంది. పాప స్టీలు స్కేలు తెచ్చి 4, 5, 6 మెట్ల మీద నిలబెట్టి, వెనక టార్చి వేసి చూశాం. మధ్య మెట్టు మీద సన్నటి వెలుగు గీత. నాకు ఎంత హాయి అనిపించిందో! చెక్కకు ఏమీ కాలేదు.

మెట్టు ఎందుకు దిగిందో మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. హాల్లో వీణ ఉంచే చోట పడమటి కిటికీలోంచి మూడున్నరకు ఎండ పడుతుంది. ఆ ఎండ చార సరిగ్గా ఆ మెట్ల మీదే ఉంది. మెట్లు కూర్చునేది మైనం మీద. అది మెత్తబడ్డ వేళకే పాప సాధన. గట్టిగా నొక్కడం దాని అలవాటు.

కొవ్వొత్తితో నేనే మైనం కరిగిస్తానంటే టీచర్ కోప్పడ్డారు. మెట్టు ముందుకో వెనక్కో వెంట్రుక వాసి జరిగినా స్వరం మారిపోతుంది. మేళం కట్టే పెద్దాయన్ను ఆవిడే పంపారు. ఆయన సన్నటి ఇనుప కడ్డీ వేడి చేసి ఆ మెట్టు కింద మాత్రమే మైనానికి తాకించి, మెట్టును కాస్త లేపారు. ఒక కన్ను మూసి దండి వెంబడి చూశారు. సారణిని వదిలి స, నొక్కి మ, మళ్లీ స, మళ్లీ మ. మెట్టును గోటితో తట్టి జరిపారు. గంట కూడా పట్టలేదు. "చల్లారేదాకా ముట్టుకోవద్దు పాపా" అని మూడుసార్లు చెప్పారు.

ఇప్పుడు వీణ లోపలి గదిలో, ఎండ తగలని గోడ పక్కన ఉంటోంది. పాప సాధనకు కూర్చుంటే స, రి, గ దాటి మ దగ్గరికి వచ్చి, ఆ స్వరం పూర్తిగా ఆగిపోయేదాకా చెవి పెట్టి వింటుంది. ఆ తర్వాతే ప మీటుతుంది.