లోడర్ లేవనంటే: అమెరికాలో చిన్న ట్రాక్టర్ పెట్టుకున్న తెలుగువాళ్లకు

డల్లాస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఐదెకరాలో పదెకరాలో కొనుక్కుని, వారమంతా ఆఫీసు, శనివారం పొలం అన్నట్టు బతికే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. స్థలం వచ్చాక మొదట వచ్చేది పాతిక నుంచి నలభై హార్స్‌పవర్ కాంపాక్ట్ ట్రాక్టర్. ఊళ్లో ట్రాక్టర్ తోలిన చేతికి కల్టివేటర్, రోటావేటర్ కొత్త కాదు. కొత్తగా అనిపించేది హైడ్రాలిక్స్. అక్కడ హైడ్రాలిక్ అంటే వెనక లిఫ్టు, ట్రాలీ జాకీ, అంతే. ఇక్కడి చిన్న బండిలో బకెట్‌తో మట్టి ఎత్తే ముందు లోడర్, వెనక లిఫ్టు, పవర్ స్టీరింగ్ నడిచేది ఒకే సంపులోని ఆయిల్ మీద. హైడ్రోస్టాటిక్ మోడలైతే పెడల్ తొక్కితే బండి కదలడం కూడా దాని మీదే.

ఊళ్లో మెకానిక్ చేనుగట్టుకే వస్తాడు, శబ్దం విని జబ్బు చెప్తాడు. ఇక్కడ బండిని ట్రైలర్ ఎక్కించి షాపుకు చేర్చడానికే వేరే బిల్లు, ఆపైన లేబర్ గంటల లెక్క, గడ్డి కోసే సీజన్ అయితే వారాల తరబడి వరస. ఫోన్ ఎత్తిన సర్వీస్ కౌంటర్ మనిషికి “లోడర్ పనిచేయట్లేదు” అని చెబితే అతనికి అందేదేమీ ఉండదు. అందుకే జబ్బు ఎక్కడుందో సగమైనా మనమే తేల్చుకోవాలి. దానికి రెండు ప్రశ్నలు చాలా దూరం తీసుకెళ్తాయి.

మొదటిది: అన్నీ నీరసించాయా, ఒక్కటేనా? లోడర్, లిఫ్టు, స్టీరింగ్ మూడూ బరువెక్కితే తప్పు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నచోటే, అంటే ఆయిల్ మట్టం, ఆయిల్‌ను పంపుకు చేర్చే సక్షన్ పైపు, ఫిల్టర్, పంపు. చాలా మోడళ్లలో స్టీరింగ్‌కు ఒక పంపు, మిగతావాటికి ఇంకొకటి జంటగా బిగించి ఉంటాయి, రెండూ ఆయిల్ పీల్చేది ఒకే దారిలో. స్టీరింగ్ తేలిగ్గా ఉండి లోడర్, లిఫ్టు మాత్రమే మొరాయిస్తే వాటి పంపు, ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ వైపు చూడాలి. బకెట్ ఒక్కటే సరిగ్గా లేకపోతే పంపును అనుమానించే పనే లేదు.

రెండోది: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పొద్దున స్టార్ట్ చేయగానే మందకొడిగా ఉండి, సన్నగా ఈలవేస్తూ, పావుగంటకు సర్దుకుంటే చిక్కటి ఆయిల్ పంపుకు అందడం లేదు. మట్టం తగ్గిందో, ఫిల్టర్ పూడిందో, గ్రేడ్ ఆ చలికి తగదో చూడాలి. మిన్నెసోటా, మిషిగన్ చలికాలాల్లో మంచి బండి కూడా పది నిమిషాలు తక్కువ రేసులో వేడెక్కనిదే దారికి రాదు. దీనికి తలకిందులుగా, మొదట బాగా లేపి, గంట పని అయ్యాక సగం బరువుకే చతికిలబడితే పలచబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి లోపలే జారిపోతోంది. ఫిల్టర్ మార్చినంత మాత్రాన అది కుదరదు.

మట్టం చూడటంలోనే చాలామంది పొరబడతారు. బండి చదునైన చోట ఉండాలి, బకెట్ నేలమీద ఉండాలి, లిఫ్ట్ చేతులు కిందికి దించాలి, ఇంజిన్ ఆపి కొద్ది నిమిషాలు ఆగాలి. లోడర్ పైకి లేచి ఉండగా చూస్తే ఆయిల్ కొంత సిలిండర్లలోకి వెళ్లి ఉంటుంది కాబట్టి మట్టం తక్కువగా కనిపిస్తుంది. అది చూసి పోస్తే ఎక్కువైపోతుంది. పోసేది ఏదన్నది ఇంకా ముఖ్యం. ఈ ఆయిల్లోనే గేర్లు, తడి బ్రేకులు కూడా మునిగి ఉంటాయి. కుబోటాకు సూపర్ యూడీటీ2, జాన్ డీర్‌కు హై-గార్డ్ లాంటివి అందుకే చెప్తారు. పసుపు బకెట్లలో చవగ్గా దొరికిన 303 అనేది ఎప్పుడో వాడుకలోంచి పోయిన ప్రమాణం, ఈనాటి ఏ హైడ్రోస్టాటిక్ బండికీ అది తగదు. చిన్న మోడల్‌కు నాలుగైదు గ్యాలన్లు, పెద్ద కాంపాక్ట్‌కు పది గ్యాలన్ల దాకా పడుతుంది. గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు. ఇక్కడ మిగిల్చిన ముప్పై డాలర్లు ట్రాన్స్‌మిషన్ మీద వేలల్లో తేలతాయి.

ఆయిల్ పాలలా తెల్లబడితే కొంచెం గాజు సీసాలో తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి తేటపడితే అది గాలి నురగ. అలాగే ఉంటే నీళ్లు. గాలి వచ్చేది పంపుకు ముందున్న సక్షన్ గొట్టం, దాని క్లాంపులు, ఓ-రింగుల దగ్గర. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, కాబట్టి తడి వెతికితే దొరకదు. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్, బెల్టులకు చేయి తగలకుండా, ఆ జాయింట్ల మీద ఒక్కొక్కటిగా షేవింగ్ ఫోమ్ పూయండి. ఎక్కడ పూసినప్పుడు పంపు ఈల మారుతుందో లోపం అక్కడే. నీళ్లయితే కారణం తరచుగా మన వాడకమే. వారానికోసారి పావుగంట తిప్పి షెడ్డులో పెట్టే బండి ఎన్నడూ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన చెమ్మ ఆవిరయ్యే వీలుండదు. ఊళ్లో సీజన్‌లో రోజంతా తిరిగే ట్రాక్టర్‌కు ఈ బాధ లేదు. అందువల్ల స్టార్ట్ చేసిన ప్రతిసారీ అరగంట పైన పని చేయించడం మేలు. మీటర్‌లో గంటలు తక్కువే కదా అని సర్వీస్ వాయిదా వేయకూడదు. చాలా కంపెనీలు 50 గంటలకు మొదటి ఫిల్టర్ మార్పు చెప్తాయి. వారాంతపు బండికి ఆ 50 గంటలకు ఏడాది పట్టవచ్చు, కొత్త గేర్ల నుంచి రాలిన లోహపు పొడి అన్నాళ్లూ ఆయిల్లో తిరుగుతూనే ఉంటుంది.

లిఫ్టు అసలు దిగకపోయినా, మరీ మెల్లగా దిగినా, ఏదీ విప్పకముందు సీటు కింద ముందు భాగంలో ఉన్న చిన్న నాబ్ చూడండి. దిగే వేగాన్ని అదుపు చేసేది అదే, పూర్తిగా బిగిస్తే లిఫ్టు అక్కడే ఆగిపోతుంది. ఇదే నాబ్ మంచి పరీక్షకు కూడా పనికొస్తుంది. ఎత్తిన బరువు తనంతట తానే కిందికి జారుతోందా? కొంచెం జారి, టక్కున లేచి, మళ్లీ జారుతూ ఎక్కిళ్లు పెడుతోందా? బరువు కింద ఎవరూ లేకుండా చూసుకుని నాబ్ పూర్తిగా మూయండి. జారడం ఆగితే కంట్రోల్ వాల్వ్ లీకవుతోంది. ఆగకపోతే లిఫ్ట్ సిలిండర్ సీలో, దాని సేఫ్టీ వాల్వో పోయింది. సీటు కింద కవర్ విప్పించాలా, వాల్వ్ ఒక్కటి మార్పిస్తే చాలా అన్నది దీంతో తేలిపోతుంది.

బ్యాక్‌హో (వెనక తగిలించే తవ్వే చేయి) ఊడదీశాక లిఫ్టు లేవడం లేదని కంగారుపడటం మామూలు. ఆయిల్ ఆ బ్యాక్‌హో గుండా పోయి వెనక్కి వచ్చేలా పవర్ బియాండ్ లైన్ ఉంటుంది. తీసేశాక ఆ రెండు గొట్టాల చివర్లను ఒకదానికొకటి కలపాలి. మరిచిపోయినా, వాటిని కలిపే కప్లర్ సగమే పడినా దారి మూసుకుపోయి రిలీఫ్ వాల్వ్ కీచుమంటుంది. వెంటనే ఇంజిన్ ఆపండి. కప్లర్లు ఎండకు వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగితే మళ్లీ కలవవు. ఊడదీసే ముందే ఇంజిన్ ఆపి, బకెట్ నేలమీద పెట్టి, లివర్‌ను నాలుగు వైపులా రెండుసార్లు తిప్పితే ఆ తిప్పలు ఉండవు.

లోడర్ మెల్లగా దిగిపోతోందంటే అందరూ ముందు అనుకునేది సిలిండర్ సీల్. కిట్ మార్చినా తేడా రాక తల పట్టుకుంటారు. పిస్టన్ సీల్ ఒక్కటే పోతే ఆయిల్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్తుంది, కానీ లోపలికి వచ్చే రాడ్ ఆక్రమించినంత ఆయిల్ బయటికి పోవాలిగా? ఆ దారి లివర్‌తో కదిలే స్పూల్ వాల్వే ఇస్తుంది. రాత్రికి కొన్ని అంగుళాలు దిగడం వాల్వ్ సందుల వల్ల సహజం. సీల్‌ను నిజంగా పరీక్షించాలంటే బకెట్‌ను పూర్తిగా ఒక చివరికి తిప్పి నేలమీద ఆనించి, ఇంజిన్ ఆపి, ప్రెషర్ వదిలి, ఒత్తిడి లేని వైపు హోస్ ఊడదీయాలి. హోస్ చివర ప్రెషర్‌కు తట్టుకునే ఉక్కు క్యాప్ బిగించి, సిలిండర్ ఖాళీ పోర్టు కింద గిన్నె పెట్టి, తక్కువ రేసులో లివర్‌ను అదే దిశకు నొక్కాలి. పోర్టు నుంచి ఆయిల్ ఆగకుండా వస్తే సీల్ పోయినట్టే. కాసిని చుక్కలైతే సీల్ బాగానే ఉంది.

లోపమే లేని సందర్భమూ ఉంది. డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా పోయే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడి జాతే. వానకు తడిస్తే ఘనపుటడుగు నూరు పౌండ్లు దాటుతుంది. పది ఘనపుటడుగుల బకెట్ నిండా ఎత్తితే వెయ్యి పౌండ్ల పైమాట, చిన్న లోడర్లు చాలావాటికి అది మించిన బరువు. రిలీఫ్ వాల్వ్ తెరుచుకోవడం బండి తనను కాపాడుకోవడమే. దానిలో షిమ్‌లు (పలచని రేకులు) వేసి ప్రెషర్ పెంచితే హోసో హౌసింగో పగులుతుంది.

లీక్‌ను ఎప్పుడూ వేలితో వెతకకండి. సూది మొనంత రంధ్రం నుంచి 2000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గీటులా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి. దూరిందని అనుమానం వస్తే ఇంటికెళ్లి పడుకోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి “హై ప్రెషర్ ఇంజెక్షన్ ఇంజ్యురీ, హైడ్రాలిక్ ఆయిల్” అన్న మాటలే చెప్పాలి. గంటల్లో సర్జరీ పడకపోతే వేలు, చేయి పోయే ప్రమాదం ఉంది.

హోస్ కొనేటప్పుడు సైజు డ్యాష్ నంబరుతో అడుగుతారు. అంగుళంలో పదహారో వంతుల లెక్క కాబట్టి డ్యాష్ 6 అంటే 3/8 అంగుళం. మరలు మాత్రం చూసి గుర్తుపట్టలేం. జపాన్ బండ్లలో బీఎస్పీ రకం మరలు ఉంటాయి, అమెరికన్ అటాచ్‌మెంట్‌లలో జేఐసీ, ఎన్‌పీటీ కనిపిస్తాయి. పాత ఫిట్టింగ్ చేత్తో పట్టుకెళ్లడమే మార్గం. టెఫ్లాన్ టేపు ఎన్‌పీటీకి పనికొస్తుంది గానీ, జేఐసీకి చుడితే లీకు ఆగదు, టేపు తునకలు వాల్వ్‌లోకి పోతాయి.

ఒక గేజ్ కొనుక్కోండి, 5000 పీఎస్ఐ వరకు చూపే గ్లిజరిన్ గేజ్, బండికి సరిపోయే కప్లర్‌తో. లోడర్ కప్లర్‌లో దాన్ని పెట్టి లివర్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు. చాలా కాంపాక్ట్ బండ్లకు 2000 నుంచి 2500 మధ్య రావాలి, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ప్రెషర్ సరిగ్గా ఉండి వేగం లేకపోతే పంపుకు ఆయిల్ చాలడం లేదు, లేదా పంపు అరిగింది. ప్రెషరే తక్కువైతే రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందో, స్ప్రింగ్ నీరసించిందో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, నలభై నిమిషాల పని తర్వాత ఒకటి రాసి పెట్టుకోండి. అప్పుడు కౌంటర్‌కు ఫోన్ చేసి ఇలా చెప్పొచ్చు: చల్లగా ఉన్నప్పుడు 2300, వేడెక్కాక 1600, స్టీరింగ్ మామూలుగానే ఉంది, లోడర్, లిఫ్టు రెండూ నీరసం, మట్టం సరిగ్గా ఉంది, ఫిల్టర్ ఈ నెలలోనే మార్చాం, ఆయిల్లో నురగ లేదు.