స్పోర్ట్స్ కారులో టైర్ల హోరు తగ్గించుకున్నాను: నా అనుభవం

మాది హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న జపాన్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. వాటి వెనక నేరుగా డిక్కీ, మధ్యలో వెనక సీటు గానీ గోడ గానీ ఉండదు. భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి రాజోలు వెళ్తుంటే వీపు వెనక ఒకటే హోరు. పక్కనే కూర్చున్న అమ్మ మాట కూడా రెండోసారి అడిగితే గానీ అర్థమయ్యేది కాదు. "ఇంత డబ్బు పోసి కొన్నావు, కాసేపు మాట్లాడుకోవడానికి లేదేంట్రా?" అంది.

ఇంజిన్ గొంతు నాకు ప్రాణం. దాన్ని నొక్కెయ్యకుండా టైర్ల రొద మాత్రమే తగ్గాలి. అందుకే లోపల అంటించే చప్పుడు తగ్గించే షీట్లు కొనేముందు ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో తేల్చుకోవాలనుకున్నాను. ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకుని 80 వేగంలో న్యూట్రల్‌కి వేసి చూశాను. ఇంజిన్ చప్పుడు పడిపోయింది, హోరు మాత్రం అలాగే ఉంది. కొత్తగా వేసిన తారు మీద అది తగ్గుతోంది, కంకర తేలిన పాత రోడ్డు మీద పెరుగుతోంది. అంటే టైర్లదే. రోడ్డు మారినా తేడా లేకపోతే చక్రం బేరింగునో కారుని కోసుకుపోయే గాలినో అనుమానించాలి. బేరింగు పోతే స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పినప్పుడు, బరువు ఒక పక్కకి పడగానే గుయ్‌మనడం పెరుగుతుంది లేదా ఆగుతుంది. మా కారులో అలాంటిదేమీ లేదు.

టైర్ల సంగతి నాకు విప్పి చెప్పింది మా ఊళ్లో అలైన్‌మెంట్ షాపు నడిపే బాబాయి. వెనక టైరు మీద నా అరచెయ్యి పెట్టించి, "ముందుకి తోమండి, ఇప్పుడు వెనక్కి తోమండి" అన్నారు. ఒక వైపు నున్నగా జారింది. రెండో వైపు రబ్బరు అంచులు రంపం పళ్లలా అరచేతికి గుచ్చుకున్నాయి. "టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కుదరక ఇలా అరిగిందండి. ఈ పళ్లే రోడ్డుని కొడుతున్నాయి. మీరు లోపల పరుపులు పరిచినా ఇది ఆగదండి" అన్నారు. సాధారణ కార్లలో టైర్లు ముందువి వెనక్కి మార్చుకుంటూ ఉంటే ఇంత అసమానంగా అరగవు. మా కారుకి ముందూ వెనకా సైజులు వేరు, ఆ వీలు లేదు. పైగా టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూస్తే (మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం) వెనకవి బాగా పాతవి. రబ్బరు గట్టిపడితే హోరు ఎలాగూ పెరుగుతుంది.

కాబట్టి మొదటి ఖర్చు టైర్లు, అలైన్‌మెంట్. సైజు, లోడ్, స్పీడ్ రేటింగులు కంపెనీ చెప్పినవే ఉంచి, రేసు ట్రాక్ కోసం చేసిన రకం బదులు రోజువారీ ప్రయాణానికి చేసిన రకం తీసుకున్నాను. యూరప్ లేబుల్ మీద ఉండే డెసిబెల్ అంకె చూసి మోసపోకండి. అది పక్కన నిలబడ్డవాడికి వినపడే చప్పుడు కొలత, కారు లోపలిది కాదు. లోపల స్పాంజి అంటించిన టైర్లు కూడా దొరుకుతున్నాయి. టైరు లోపలి గాలి దాదాపు 200 హెర్ట్జ్ దగ్గర మోగే మోతని ఆ స్పాంజి పీల్చేస్తుంది. కానీ పంక్చరు పడితే ఆ చోట స్పాంజి కోసి, అతికి, మళ్లీ అంటించాలి. రాత్రిపూట ఏ కాలవ గట్టు మీదో పంక్చరైతే ఆ పని ఎవరు చేస్తారు? వద్దనుకున్నాను.

టైర్లు మారాక గుయ్‌మనే రొద చాలావరకు పోయింది. మిగిలింది వీపు వెనక నుంచి వచ్చే బరువైన హోరు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చూస్తే సంగతి బోధపడింది. వెనక చక్రాల మీది గుమ్మటాలు రంగు వేసిన ఉత్త రేకు. వేలితో కొడితే టంగుమని మోగాయి. ఆ రేకుకి అవతల పక్క చక్రం, ఇవతల పక్క మన తల.

సీటు కవర్లు కుట్టే మేస్త్రిని సాయం పెట్టుకుని ఆ భాగమే చేయించాను. సీట్లు విప్పేముందు బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగాలి, ఎందుకంటే సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. రేకుని పెట్రోలుతో కాకుండా స్పిరిట్‌తో తుడిచి, పైన అల్యూమినియం ఉన్న బ్యూటైల్ షీటు (రేకు మోతని అణిచే జిగురు రబ్బరు) అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కాం. రేకంతా కప్పక్కర్లేదు. మోగే భాగం మధ్యలో మూడో వంతు కప్పినా మోత ఆగుతుంది. అంటించాక వేలితో కొడితే టప్‌మని ఆగిపోయింది. దాని మీద నీళ్లు పీల్చని రకం ఫోమ్, ఆ పైన బరువైన వినైల్ పొర. ఈ పొర చదరపు మీటరుకి దాదాపు 5 కిలోలు తూగుతుంది. గాలిలో వచ్చే హోరుకి అడ్డం నిలిచేది ఆ బరువే, కాబట్టి అంచులు ఎక్కడా తెరుచుకోకుండా అతకాలి. స్పోర్ట్స్ కారులో బరువు పెంచడం నాకు మనసొప్పని పని. అందుకే గుమ్మటాలూ డిక్కీ నేలతో ఆపేశాను. డ్యాష్‌బోర్డు వైపు చెయ్యి పెట్టలేదు, ఇంజిన్ గొంతు అటునుంచే కదా వచ్చేది.

మన గోదావరి డెల్టాలో చేయించుకునేవాళ్లు రెండు విషయాలు గట్టిగా పట్టించుకోవాలి. ఒకటి ఎండ. బ్యూటైల్ పేరుతో తారు షీట్లు అంటగడతారు. మే నెలలో తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారులో అవి మెత్తబడి, కంపు కొట్టి, జారిపోతాయి. నేను ముక్క ఒకటి రేకుకి అంటించి డాబా మీద నిలువుగా ఆరేసి చూశాకే మిగతాది కొన్నాను. రెండోది తేమ. వానాకాలం ఊళ్లో అడుగు నీళ్లు నిలిచే రోజులుంటాయి. మామూలు స్పాంజి ఆ నీటిని పీల్చుకుని రేకుకి అంటి ఉంచితే బూజు, ఆ తర్వాత తుప్పు. తలుపుల అడుగునా నేలలోనా ఉండే నీళ్ల రంధ్రాలని ఏ షీటూ మూయకూడదు. మేస్త్రి తొందరలో ఒకటి మూస్తుంటే ఆపి, అక్కడ కోయించాను.

ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టి, తణుకు నుంచి సిద్ధాంతం వైపు హైవే మీద ఒకే చోట, ఒకే వేగంలో, ఏసీ ఆపి కొలిచాను. ఫోన్ అంకెలు కచ్చితం కాకపోయినా ముందూ తర్వాతా పోల్చడానికి చాలు. 76 దగ్గర ఆడేది 71కి వచ్చింది. 10 తగ్గితే చెవికి సగమైనట్టు అనిపిస్తుందంటారు, ఆ లెక్కన 5 తక్కువేమీ కాదు. అందులో సగానికి పైగా టైర్లూ అలైన్‌మెంట్ వల్లే వచ్చింది.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన అతుకుల మీద దడ్ దడ్‌మనడం మాత్రం పోలేదు. అది గాలిలోంచి వచ్చేది కాదు, గట్టి సస్పెన్షన్ ద్వారా బాడీలోకి ఎక్కేది. షీట్లకి లొంగదు. సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు మెత్తటివి వేస్తే తగ్గుతుందని బాబాయి అన్నారు గానీ స్టీరింగ్ పదును పోతుంది. వద్దన్నాను. అమ్మ ఇప్పుడు రాజోలు దాకా మాట్లాడుతూనే వస్తోంది, నాకు అది చాలు.