సొర కరిచినవాడే బోను కట్టాడు

సొరచేప సినిమా అనగానే అందరూ 'జాస్' గురించే మాట్లాడతారు. అడిలైడ్‌లో ఉంటున్నందుకో ఏమో, నాకు మాత్రం ముందు రాడ్నీ ఫాక్స్ గుర్తొస్తాడు.

1963 డిసెంబరు. ఇక్కడికి దక్షిణాన, కారులో గంట కూడా పట్టని ఆల్డింగా బీచ్‌లో, నీళ్లలో మునిగి ఈటెతో చేపల్ని కొట్టే పోటీ. ఫాక్స్‌కి 23 ఏళ్లు. ఒక చేపకు గురిపెట్టి ఉండగా గ్రేట్ వైట్ అనే పెద్ద జాతి సొర వచ్చి ఛాతీ దగ్గర పట్టేసింది. దాని కళ్లు పొడవబోతే చెయ్యి జారి నేరుగా నోట్లోకే పోయింది. ఎలాగో విడిపించుకుని పైకి తేలాడు. పట్టిన చేపల్ని కట్టే తెప్ప తాడు ఇంకా నడుముకే ఉంది. సొర ఆ తెప్పను అందుకుని మనిషిని మళ్లీ కిందికి ఈడ్చింది. చివరి క్షణంలో తాడు తెగింది కాబట్టి బతికాడు. నలిగిన ఒంటిని ఒక్కటిగా పట్టి ఉంచింది ఒంటికి బిగుతుగా వేసుకున్న రబ్బరు వెట్‌సూటేనట. 400కు పైగా కుట్లు పడ్డాయి.

ఇంత జరిగాక ఎవరైనా సముద్రం వైపు చూస్తారా? ఈయన చూశాడు. జూలో సింహాల్ని చూస్తూ, ఇక్కడ జంతువు లోపల, మనిషి బయట, సముద్రంలో దీన్ని తిరగేస్తే సరి అనుకున్నాడట. అలా ఇనప బోను కట్టించి, అందులో దిగి సొరల్ని చూశాడు.

'జాస్' కోసం నిజమైన సొరల్ని తీయాల్సి వచ్చినప్పుడు హాలీవుడ్ వాళ్లు దక్షిణ ఆస్ట్రేలియాకే వచ్చారు. కెమెరా పట్టింది రాన్, వాలరీ టేలర్ దంపతులు, ఫాక్స్ వాళ్లకి తోడు. కథలో సొర పొడవు 25 అడుగులు. అసలువి అంత ఉండవు కదా, అందుకని పక్కన సొర పెద్దగా కనిపించేలా చిన్న బోను చేయించి పొట్టి స్టంట్‌మ్యాన్‌ని తెచ్చారు. ఆయన లోపల లేనప్పుడు ఒక సొర బోను తాళ్లలో చిక్కుకుని దాన్ని చీల్చి చెండాడింది. ఆ షాట్ ఎంత బాగా వచ్చిందంటే, ఖాళీ బోనుకు సరిపోయేలా కథే మార్చేశారు. కథలో బోనులో దిగే శాస్త్రవేత్త హూపర్, నవలలో చనిపోయేవాడు, సినిమాలో బతికిపోయాడు! స్క్రిప్టుని సొర దిద్దిన సినిమా నాకు తెలిసి ఇదొక్కటే.

అమెరికాలో వాడిన యంత్రపు సొర, ముద్దుపేరు బ్రూస్, ఉప్పునీళ్లకి మాటిమాటికీ మొరాయించింది. దాంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ చాలాసేపు సొరని చూపించకుండానే భయపెట్టాడు. 1975లో సినిమా వచ్చాక సొరల మీద జనానికి పగలాంటిది మొదలైంది. నవల రాసిన పీటర్ బెంచ్లీ తర్వాత వాటిని కాపాడే పనిలోనే గడిపాడు. ఫాక్స్ కూడా అంతే. కరిపించుకున్నవాడు చెబితే జనం వింటారు మరి.

మా అమ్మది కాకినాడ. ఇక్కడికి వచ్చినప్పుడు ఈ కథ చెప్తే ఏమీ జంకలేదు. "సొరకి భయమేంట్రా, నువ్వు పుట్టినప్పుడు నాకు పాలు పడాలని అమ్మమ్మ రోజూ సొర పిట్టే పెట్టింది" అంది. ఇక్కడి చేపల కొట్లో ఫ్లేక్ పేరుతో అమ్మేదీ సొరేనంటే, అల్లం, వెల్లుల్లి వేయకుండా ఎలా తింటారని మాత్రం తెగ బాధపడింది.

మావాడు వచ్చే సెలవుల్లో పోర్ట్ లింకన్ వెళ్దామంటున్నాడు. అక్కణ్ణుంచి పడవలో నెప్ట్యూన్ దీవులకి తీసుకెళ్లి బోనులో దించుతారు. డబ్బులు కడతాను గానీ నేను పడవ దిగనని ముందే చెప్పేశాను.