చావు సామాన్ల కొట్టు మావయ్య

నేనెక్కిన రాత్రి బండి కొవ్వూరులో ఆగదు. తెల్లవారుజామున ఆ స్టేషన్ లైట్లు కిటికీలోంచి అలా వెనక్కి వెళ్లిపోయాయి, వెంటనే గోదావరి, పై బెర్తాయన నిద్రకళ్లతోనే దిగొచ్చి రూపాయి బిళ్ల విసిరాడు, నేను రాజమండ్రిలో దిగి షేర్ ఆటో ఎక్కి అదే గోదావరిని మళ్లీ దాటాను. ఈసారి 1974 నాటి రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద. పైన మేం, కింద గూడ్సు. 4 కిలోమీటర్ల పైచిలుకు ఆ రోడ్డు ఆరోజు ఎంతకీ తరగలేదు. ఒకటే టెన్షన్, నేను చేరేలోపే మావయ్యని తీసేస్తారేమోనని.

మా పెద్దమావయ్యది చావు సామాన్ల కొట్టు. బోర్డు మీద 'అంత్యక్రియల సామగ్రి' అని ఉన్నా ఎవరూ అలా అనరు. పచ్చి వెదురు బొంగులు, కొబ్బరి తాడు, కొత్త కుండలు, తెల్లగుడ్డ, పిడకలు, నువ్వులు, దర్భలు, దారిలో చల్లే మరమరాలు. తర్వాత ఐస్ బాక్సు అద్దెకిచ్చాడు, ఇంకొన్నాళ్లకి ఓ పాత వ్యాను కొని వైకుంఠ రథం చేశాడు. పొద్దున్నే ఆయన ఎదురొస్తే ఇంట్లోకెళ్లి కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే వాళ్లని చూశాను. వాళ్లని అనడమెందుకు, స్కూల్లో నేనూ మా మావయ్యది కిరాణా కొట్టనే చెప్పేవాణ్ణి.

కొట్టుకి ఎవరొచ్చినా "రండి" అనేవాడు కాదు. "మళ్లీ రండి" అసలే లేదు. మామూలు కొట్లో అది మర్యాద, ఆ కొట్లో తిట్టు. వచ్చినవాళ్లకి నోరు పెగలకపోతే "ఆడా, మగా?" అని ఒక్క ముక్క అడిగి అన్నీ గోనెసంచిలో సర్దేసేవాడు, బేరం ఉండేది కాదు. కట్టెల లెక్కా ఆయనే చెప్పేవాడు, 4 క్వింటాళ్లు, వానాకాలమైతే 5. ఏడుపుల మధ్య ఎవరికీ తోచని మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకర్ని పక్కకి పిలిచి చెప్పేవాడు: "21 రోజుల్లోపు చావు రాయించండి, దాటితే తిరగలేరు." 2021లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, కొడుకులే దూరంగా నిలబడితే ఆ ప్లాస్టిక్ కోటు తొడుక్కుని తనే వ్యానెక్కించాడట. ఇది బావ చెప్తే తెలిసింది, ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించి చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, చిన్నప్పుడు ఓసారి అడిగాను, ఎవరైనా లేచారా మావయ్యా అని.

"లేవలేదురా. నేనైతే ప్రతిసారీ చూస్తాను."

నేను వెళ్లేసరికి ఆయన వరండాలో ఉన్నాడు, సొంత ఐస్ బాక్సులోనే. ఆ పూట దానికి వేరే ఊరి నుంచి పిలుపొస్తే బావ లేదని చెప్పాల్సొచ్చిందట. బావ పాడె కడుతున్నాడు. అప్పుడు ఇద్దరు మగాళ్లొచ్చి గేటు బయటే ఆగిపోయారు. పలకరించడానికి అనుకున్నాం. కాదు, వాళ్లింట్లోనూ పోయారు, సామాన్లు కావాలి, ఇక్కడ ఈ పరిస్థితి చూసి అడగలేక నిలబడ్డారు. అత్తయ్య లోపల్నుంచే తాళంచెవి నా చేతికి పంపింది.

షట్టర్ ఎత్తి వెనక్కి తిరిగి "రం..." అనబోయి నాలిక కరుచుకున్నాను. తర్వాత అడిగాను, ఆడా మగా అని. అమ్మండీ, అన్నాడు పెద్దాయన. ఏది ఎక్కడుందో తెలీక పసుపు కుంకుమల కోసం డబ్బాలన్నీ తీశాను, చివరికి వాళ్లే వెతుక్కున్నారు.

మధ్యాహ్నం తీశారు. దింపుడు కళ్లం దగ్గర బావ వంగి మూడుసార్లు "నాన్నా" అన్నాడు. నేను చూశాను.

గోష్పాద క్షేత్రం రేవులో మునిగి, తడి బట్టలతో ఇంటికొచ్చి, దీపం చూసి, వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే బయటపడ్డాను. ఆటో బ్రిడ్జి మధ్యకొచ్చేసరికి అత్తయ్య ఫోను. పొద్దుట్నుంచీ ఏం తినలేదటగా, రాజమండ్రిలో దిగగానే ముందు ఏదైనా తినమని.